పిల్లి కనబడనివారి కౌంటర్

మనిషి చేసుకున్న ఏర్పాట్లన్నిటిలోనూ గొప్పది, దొరకనిదాన్ని వెతికించే ఏర్పాటు. దొరికేదానికి రెండు కళ్లు చాలు. దొరకనిదానికి ఒక విభాగం కావాలి, బస్సు కావాలి, యాప్ కావాలి, ఏడాదికొక నివేదిక కావాలి. మహానగరాలు ఈ సత్యాన్ని ఇంకా గ్రహించవలసి ఉంది. బాన్సువాడ గ్రహించి చాలాకాలమైంది.

బాన్సువాడ నుంచి వర్ని వైపు పోయే దారిలో, కాలువ కింది చెరకు తోటల్లో, తుప్పుమచ్చల పిల్లి ఉండే అవకాశం లేకపోలేదని ఎవరో పరిశోధకుడు ఒకప్పుడు రాశాడు. ప్రపంచంలోని అడవిపిల్లులన్నిటిలోకీ చిన్నది అదే. బాగా ఎదిగినా ఇంటి పిల్లిలో సగం ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, వానకు తడిసిన ఇనుము మీద లేచినట్టు ఎర్రటి మచ్చలు, ముఖానికి మించిన కళ్లు. "అవకాశం లేకపోలేదు" అన్న మాటను ఒక సంఘం కూర్చుని పరిశీలించింది. అందులో రెండు లేములున్నాయి గనుక, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలింది పిల్లేనని తేల్చింది. ఆ విధంగా మార్జాల దర్శన యాత్రా విభాగం ఏర్పడింది.

విభాగం మొట్టమొదట బస్సు కొన్నది. ప్రపంచంలోకెల్లా చిన్న పిల్లిని చూపించడానికి జిల్లాలోకెల్లా పొడుగు బస్సు. దాని పక్కన పిల్లి బొమ్మ వేయించారు. అసలు కొలతలో వేస్తే బస్సుకు బురద అంటుకున్నట్టు కనబడుతోందని, బొమ్మను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగదీయించారు. సాగదీస్తే చిరుతపులి అయింది. (ఆ బస్సును చూసి డోంగ్లి నుంచి వస్తున్న మేకలాయన మేకలతో సహా వెనక్కి తిరిగిపోయాడు. నివేదికలో దీన్ని "ప్రజల్లో పెరిగిన అవగాహన" కింద చూపించారు.)

పిల్లి రాత్రిళ్లు తిరుగుతుంది. యాత్ర మాత్రం కార్యాలయపు వేళల్లోనే. దీని మీద అభ్యంతరాలుంటే తెలపమని ప్రకటన వేశారు. పిల్లి తరఫున ఏదీ అందలేదు. యాత్రికులు బస్సు దిగకూడదు. నిశ్శబ్దం పాటించాలి. పాటించమని గైడ్ మోతీరాం మైకులో చెబుతాడు, వెనక సీట్లవాళ్లు వినబడలేదంటే ఇంకా గట్టిగా చెబుతాడు.

మోతీరాం ప్రతిభంతా ఒక్క ముక్కలో ఉంది. బస్సు తోట పక్కన ఆగగానే అతను చెయ్యెత్తుతాడు. లోపల ఊపిరి ఆగుతుంది.

"ఇప్పుడే పోయింది," అంటాడు. "గా ఆకు ఊగుతుంది సూడుండ్రి."

అందరూ ఊగే ఆకును చూస్తారు. చెరకు తోటలో ఊగని ఆకంటూ ఉండదు.

ఒకసారి ఒక యాత్రికుడు గట్టు మీది బురదలో అడుగుజాడ చూపించి, అది కుక్కది కదా అన్నాడు. మోతీరాం తడుముకోలేదు. "కుక్కదే సార్. పిల్లి ఎటు పోయిందో కుక్కకు ఎరుకనే గదా. దాని ఎంబడి పోయింది." ఆ యాత్రికుడు అడుగుజాడకు ఫొటో తీసుకుని, ఇంటికి పంపించుకున్నాడు.

ఇక ఏడో నిబంధన. పిల్లి కనబడినట్టు యాప్‌లో నమోదైన మరుక్షణం ఆ చుట్టుపక్కల భూమంతా "మార్జాల ప్రశాంత మండలం" అయిపోతుంది. నిపుణుల సంఘం వచ్చి చూసిపోయేదాకా అక్కడ బస్సు తిరగకూడదు, చెరకు నరకకూడదు, నీళ్లు పారించకూడదు, రోడ్డు మీది గంగవ్వ టీకొట్టు తెరవకూడదు. నిపుణుల సంఘంలో ఎవరుండాలో తేల్చడానికి ఇంకో సంఘం వేయవలసి ఉంది. అంటే, పిల్లి కనబడిన రోజే పిల్లిని చూపించే విభాగం మూతపడుతుంది. ఈ సంగతి ఎవరూ ఎవరితోనూ అనలేదు. మోతీరాంకు తెలుసు, డ్రైవర్ లక్‌పతికి తెలుసు, గంగవ్వకు తెలుసు. తెలిసినదాన్ని అందరూ కలిసి తెలియనట్టు మోయడాన్నే వ్యవస్థ అంటారని మంజుల తన ఎమ్మే పుస్తకాల్లో చదవలేదు. ఉద్యోగంలో చేరిన వారంలో నేర్చుకుంది.

మంజులది వర్ని దారిలోని తండా. చదివింది మనస్తత్వశాస్త్రం. విభాగంలో ఆమె హోదా "దర్శన వంచితుల ఓదార్పు అధికారి". ఒప్పందపు కొలువు. కార్యాలయంలో రెండు కౌంటర్లుండేవి. "పిల్లి కనబడినవారు" అని రాసి ఉన్నదాని షట్టర్ ఎన్నడూ లేవలేదు. లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు పెట్టుకున్నారు. "పిల్లి కనబడనివారు" అని రాసి ఉన్నదాంట్లో మంజుల కూర్చునేది. ముందు ఒక కుర్చీ, ఒక గ్లాసు నీళ్లు, గోడకు పిల్లి పోస్టర్. చూస్తే యాత్రికుల బాధ ఎక్కువవుతుందని పోస్టర్‌ను గోడవైపు తిప్పి పెట్టారు.

యాత్ర ముగించుకున్నవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి, యాప్‌లో తమ బాధ ఏ రకమో ఎంచుకోవాలి: కోపం, నిరాశ, అనుమానం, మౌనం. ఎంచుకోకపోతే యాప్ ముందుకు పోదు. యాప్ ముందుకు పోకపోతే గేటు తెరుచుకోదు. ఓదార్పు అయ్యాక "ఊరట కలిగిందా?" అని అడుగుతుంది. అవునంటే మంజుల పేరు పక్కన పచ్చ గుర్తు, లేదంటే ఎర్ర గుర్తు.

మొదట్లో ఆమె పుస్తకాల్లో ఉన్నదే చెప్పేది. ఎవరూ ఊరడిల్లలేదు. ఒకరోజు బోధన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బల్ల గుద్దుతూ, తనెవరో తెలుసా అని అరుస్తుంటే, ఆమె అలసిపోయి అన్నది, "సార్, మీరు పిల్లిని చూడలేదు. కానీ పిల్లి మిమ్మల్ని చూసింది."

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. "నన్నా?" అన్నాడు. జుట్టు సర్దుకున్నాడు. "ఎంతసేపు చూసింది?"

ఆ రోజు మంజులకు మనుషుల గురించి ఒక సంగతి అర్థమైంది. ఎవరూ ఏదో చూద్దామని రారు. తమను ఏదో ఒకటి చూడాలని వస్తారు. ఇంట్లో చూడరు, ఆఫీసులో చూడరు. కనీసం చెరకు తోటలో, ఆకుల చాటున, అపురూపమైనదొకటి కూర్చుని తమనే గమనించిందంటే ఆ మనిషి నడుము నిటారవుతుంది. విభాగం ఈ ఆవిష్కరణను వెంటనే అందిపుచ్చుకుని, "పిల్లి మిమ్మల్ని చూసినట్లు ధ్రువీకరించడమైనది" అని పత్రాలు అచ్చువేయించింది. కింద పిల్లి పాదం రబ్బరు ముద్ర. (కుడి పాదమా, ఎడమ పాదమా అన్న విషయం మీద కొంతకాలం పత్రాలు ఆగిపోయాయి.) జనం వాటికి ఫ్రేములు కట్టించి, పెళ్లిఫొటోల పక్కన పెట్టుకున్నారు. మంజుల పేరు పక్కన పచ్చ గుర్తులు బారులు తీరాయి.

తల్లి సోనాబాయికి ఈ సంగతులేవీ పట్టవు. ఆమె అడిగింది ఒక్కటే. "కుర్చీ ఉన్నదా?"

"ఉన్నది యాడీ."

"చేతులున్నదా, చేతుల్లేనిదా?"

"చేతులున్నదే."

ఇంటిల్లిపాదీ ఎండలో చెరకు కొట్టి బతికిన ఇంట్లో, చేతులున్న కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి మంజుల. తల్లికి ఎంత గర్వమో అంత ముందుచూపు. ప్రతి ఏడూ కోతల కాలం రాగానే తన కత్తితో పాటు కూతురి కత్తి కూడా నూరి చూరులో పెట్టేది. "ఒప్పందం అంటున్నవు గదా బిడ్డా. ఎందుకైనా మంచిది."

ఇట్లా ఉండగా ముత్యం వచ్చాడు.

కోటగిరి ఆయనది. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పెద్దవాళ్లకు యాత్ర ఉచితమని తెలిసి ప్రతి వారం వచ్చేవాడు. కిటికీ పక్క సీట్లో కూర్చుని, తల వెనక్కి వాల్చి, మోతీరాం "ఇప్పుడే పోయింది" అనే వేళకు హాయిగా గురకపెట్టేవాడు.

"ఏ బాధ రాయమంటరు కాకా?" అని మంజుల అడిగేది.

"నాకేం బాధ బిడ్డా. బతుకంత బస్సుల నిలబడ్డ. ఇప్పుడు కూసుంటున్న."

"పిల్లి కనబడలే గదా?"

"లేదు. దానికి నాతోని పనేమున్నది?"

గేటు తెరుచుకోవాలి గనుక ఆమె "మౌనం" అని నొక్కేది. "ఊరట కలిగిందా?" అని యాప్ అడిగితే ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "బాధే లేకపాయె, ఊరటెక్కడిది? లేదని రాయి. టికెట్ కొట్టకుంట కొట్టిన్నని చెప్పుడు నాకు రాదు." ప్రతి వారం మంజుల పచ్చగుర్తుల బారులో ఒక ఎర్ర గుర్తు, కందిపప్పులో రాయిలా.

సమన్వయాధికారి వినోద్‌కుమార్ ఆమెను పిలిపించాడు. "మంజులా, గీ ముత్యం ఎవరు? అందరి ముంగట పచ్చగున్నది, గీయన ముంగట ఎర్రగున్నది."

"రిటైరైన కండక్టర్ సార్. ఆయనకు బాధ లేదు."

"లేకుంట ఎట్లుంటది? పిల్లి కనబడలే గదా?"

"కనబడలే సార్. బస్సు మంచిగున్నదంటడు."

వినోద్‌కుమార్ చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. తృప్తిగా ఉన్న మనిషికి విభాగంలో గది లేదు. "గట్లయితే ముందుగాల బాధ పుట్టియ్యి. తర్వాత ఓదార్చు. చదువుకున్నదానివి, గిది గూడ నేనే చెప్పాల్నా? నెలాఖరుకు ఒప్పందాలు పైకి పంపాలె. ఎర్ర గుర్తుతోని నీది పంపలేను."

ఆ వారం ముత్యం కౌంటర్ ముందు కూర్చోగానే మంజుల లేచి, గోడకున్న పోస్టర్‌ను ఇటు తిప్పింది.

"కాకా, పిల్లి ఎట్లుంటదో ఒక్కసారన్న అడగలే మీరు."

ఆయన చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇంత చిన్న మొఖమా," అన్నాడు.

"మీరు ఏ రూట్లో చేసిన్రు?"

"బాన్సువాడ, వర్ని, బోధన్."

"ఈ తోటల ముంగటికెల్లి పోయినట్టే గదా, రోజు."

"పోయిన. కానీ లోపలి మొఖాలే చూసిన బిడ్డా. ఎవడు ఎక్కిండు, ఎవడు దిగిండు, ఎవడు సీటు కింద దాక్కున్నడు. బయటికి ఎన్నడు చూడలే." పోస్టర్ వైపు వేలు చాపాడు. "అప్పుడు గూడ ఉండెనా గిది?"

"ఉండే ఉంటది," అన్నది మంజుల, తర్ఫీదు పొందిన మెత్తటి గొంతుతో.

ఆయన నీళ్లు తాగకుండానే లేచి వెళ్లాడు. ఆయన లోపల ఇన్నాళ్లూ కూర్చుని ఉన్నదేదో లేచి నిలబడడం ఆమె స్పష్టంగా చూసింది. పుస్తకంలో దాన్ని ప్రేరణ అంటారు. తన పని తనకు వచ్చునని ఆమెకు ఆ రోజు రుజువైంది. ఆ రుజువును ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. పోస్టర్‌ను మళ్లీ గోడవైపు తిప్పింది. దాని కళ్లు అటు తిరిగి కూడా చూస్తున్నట్టే ఉన్నాయి.

తర్వాతి యాత్రకు మంజుల కూడా బస్సెక్కింది. బాధ పుట్టేటప్పుడు అధికారి దగ్గరుండాలని వినోద్‌కుమార్ మౌఖిక ఆదేశం. ముత్యం ఆ రోజు తల వాల్చలేదు. కిటికీ కమ్మీ పట్టుకుని బయటికే చూస్తున్నాడు.

దారి పక్కన రైతు వెంకట్రాములు తోటలో కోతలు సాగుతున్నాయి. తోటంతా నరికేసి ఉంది. నడిమధ్యలో మాత్రం ఒక మంచమంత చెరకు అట్లాగే నిలబడి ఉంది. ఒక గడకు పాత చీర పేలిక కట్టి ఉంది. కత్తులు పక్కన పడేసి కూలీలంతా గట్టు మీద రొట్టెలు తింటున్నారు.

ఆ పేలిక అర్థం తండావాళ్లకు తెలుసు. చెరకు అంచుల నుంచి నరుక్కుంటూ వస్తే లోపలున్న జీవాలన్నీ నడిమికి చేరతాయి. అక్కడ పిల్లల తల్లి కనబడితే సోనాబాయి ముఠావాళ్లు దాని పేరెత్తరు. "బాలింత ఉన్నది" అంటారు, పేలిక కడతారు, దూరంగా పోయి కూర్చుంటారు. తన పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే అది వేరే చోటికి చేర్చుకునేదాకా అటు కత్తి పోదు. ఎవరు పెట్టిన నిబంధనో ఎవరికీ తెలియదు. దీనికి యాప్ లేదు.

మోతీరాంది కూడా అదే తండా. పేలికను చూశాడు. జన్మలో మొదటిసారి బస్సు ఆగకముందే చెయ్యెత్తాడు. "ఇప్పుడే పోయింది. ఎడమ దిక్కు ఆకు సూడుండ్రి. లక్‌పతన్నా, పోనియ్యి, పోనియ్యి."

జనమంతా ఎడమకు తిరిగారు. ముత్యం కుడివైపే చూస్తున్నాడు. చూస్తూనే అరచేత్తో బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, "హోల్డాన్" అన్నాడు.

విభాగంలోకి రాకముందు లక్‌పతి సర్కారు బస్సు నడిపినవాడే. ఏడో నిబంధన అతనికి బుర్రలో ఉంది. కండక్టర్ దెబ్బ కాలిలో ఉంది. కాలు బ్రేకు తొక్కేసింది. బస్సు ఆగిందని అతనికి తెలిసేలోపు, ముత్యం తలుపు తీసి, నడుస్తున్న బస్సు దిగడం అలవాటైనవాడి తేలికతో కిందికి దిగిపోయాడు. మంజుల వెనకే దిగింది.

గట్టు మీద వెంకట్రాములు ఫోన్ చూసుకుంటూ తిరుగుతున్నాడు. "ఇంకెంతసేపే సోనాబాయీ? లారీ నిలబడ్డది."

"నిలబడనియ్యి పటేలా. పోయినేడు నీ కోడలు కానుపైతే, లారీ వచ్చింది ఇల్లు ఖాళీ చెయ్యమన్నవా?"

కూలీలు నవ్వారు. వెంకట్రాములు కూడా నవ్వబోయి, లారీ గుర్తొచ్చి ఆగాడు. అంతలో సోనాబాయి కూతురిని చూసింది. నవ్వు తీసేసింది. "కుర్చీ ఇడిసిపెట్టి ఎండల కొచ్చినవేంది బిడ్డా? ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది యాడీ. ఇప్పటికైతే."

"అయితే జర దూరం నిలబడుండ్రి. బాలింత ఉన్నది."

ముత్యం చెప్పులు విడిచాడు. ఎవరూ విడవమనలేదు. ఇద్దరూ నిలబడ్డారు.

ఎండుటాకులు జరిగాయి. అది బయటికొచ్చింది. పోస్టర్‌లో ఉన్నదానికంటే చిన్నగా ఉంది. నోట్లో కూన. మెడ దగ్గర పట్టుకున్న ఆ ముద్ద చీమలా కాళ్లు ఆడిస్తోంది. అది నాలుగడుగులు వేసి, ఆగి, తలెత్తి వాళ్లిద్దరినీ చూసింది.

ఎంతోమందికి మంజుల చెప్పిన ఆ చూపు ఇదే. అందులో తనకోసం ఏముందా అని ఆమె ఆత్రంగా వెతికింది. ఏమీ లేదు. కోపం లేదు, భయం లేదు, అనుమానం లేదు. యాప్‌లో ఉన్న రకాలేవీ లేవు. నరికిన చెరకు మోడును చూసినట్టు చూసింది. దారికి అడ్డం కాదని తేల్చుకుంది. గట్టు దాటి కాలువ పక్క పొదల్లోకి పోయింది. ఇంత చదువుకుని, ఇంతమందిని ఊరడించి, మంజుల తన జీవితంలో అంత చక్కగా ఎన్నడూ లెక్కలోకి రాకుండా పోలేదు.

బస్సులో జనం ఎడమవైపు ఆకును ఫొటోలు తీస్తున్నారు.

కార్యాలయానికి వచ్చాక ముత్యం కౌంటర్ ముందు కూర్చున్నాడు.

"బిడ్డా, ఇయ్యాల బాధున్నది."

"చెప్పుండ్రి కాకా."

"చూసిన గదా. మల్ల చూడాలనిపిస్తుంది. గదే బాధ."

మంజుల నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. "పిల్లి మిమ్మల్ని చూసింది కాకా," అన్నది. ఆ మాట మొదటిసారి నిజమైంది. మొదటిసారి ఎందుకూ పనికిరాలేదు.

"చూసింది," అన్నాడాయన. "ఇద్దరం చూసినం గదా, ఏం చూసిందో."

యాప్ ఆమె వేలి కింద వెలుగుతోంది. "పిల్లి కనబడిందా?" అవునని నొక్కితే పక్క షట్టర్ లేవాలి, చీపుళ్లు బయటికి రావాలి. వెంకట్రాములు తోట ప్రశాంత మండలం అవుతుంది. సోనాబాయి ముఠా కత్తులు చంకన పెట్టుకుని ఇంటికి పోతుంది. ఫొటోలవాళ్లు జీపుల్లో దిగి, మిగిలిన కూనలున్న ఆ మంచమంత చెరకు చుట్టూ మూగుతారు. బస్సు ఆగుతుంది, కుర్చీ పోతుంది. కాదని నొక్కితే ఏమీ కాదు. అంతా ఉన్నట్టే ఉంటుంది. ఆమె చూసినదొక్కటే ఉండదు.

"చూసినమని రాయాల్నా కాకా?"

ముత్యం కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "బస్సుల ఒక్కొక్కసారి బాలింత ఎక్కుతుండె. చంకల పిల్ల, చేతుల పైస లేదు. టికెట్ అడిగితే దిగిపోతది. నేను అటు దిక్కు తిరిగి, ఎనక సీట్లోళ్ల టికెట్లు చూస్తుంటి. లెక్క తప్పుతదని ఫికర్ చెయ్యలే. చూసి చూడనట్టుండుడు గూడ డ్యూటీనే బిడ్డా. కనబడలేదని రాయి."

ఆమె రాసింది. బాధ: నిరాశ. చివరికి యాప్ అడిగింది, ఊరట కలిగిందా అని. మంజుల ఆయన ముఖం వైపు చూడలేకపోయింది.

"కలిగిందనుకో," అన్నాడు ముత్యం. "నొక్కు. నీ నౌకరిది గదా."

పచ్చ గుర్తు పడింది. టికెట్ కొట్టకుండా కొట్టానని చెప్పడం రాని మనిషికి ఆమె అది కూడా నేర్పింది.

నెలాఖరులోగా ఒప్పందం పొడిగించారు. నెల చివరి వారంలో దర్శన వంచితులను నూటికి నూరుపాళ్లు ఊరడించిన ఏకైక విభాగమని వినోద్‌కుమార్‌కు శాలువా కప్పారు. సోనాబాయి చూరులోని కూతురి కత్తిని గుడ్డలో చుట్టి అటక మీదికి ఎక్కించింది. ఆ మంచమంత చెరకు కూడా తర్వాత నరికారు. ముందుగా పేలికను విప్పి, ఉతికి, దాచుకున్నారు.

విభాగం ఇంతవరకు ఇచ్చిన ధ్రువపత్రాలన్నిటిలోనూ నిజమైనది ఆ రోజు ముత్యానికిచ్చిన ఒక్కటే. పిల్లి పాదముద్ర అలుక్కుపోయిందన్న కారణంగా తనిఖీలో దాన్ని రద్దు చేశారు. కొత్తది కావాలంటే చూసిన పక్షం (అంటే పిల్లి) గుర్తింపు కార్డుతో స్వయంగా హాజరు కావాలని సూచించారు.

ముత్యం కొత్తది అడగలేదు. ప్రతి వారం వస్తాడు, ప్రతి వారం మంజుల అడగకముందే ఊరట కలిగిందని నొక్కిపోతాడు. కిటికీ పక్క సీటు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. కాకపోతే కూర్చుంటే కుడివైపు గట్టు సరిగా కనబడదట. బాన్సువాడ నుంచి వర్ని దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వస్తున్నాడు.